కాడుగోడి త్రోవలో బండిదీపము

బెంగుళూరు మహానగరమునకు తూర్పుదిక్కున, హోసకోట మీదుగా కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరుల వైపు సాగిపోవు పాత మద్రాసు రహదారికి అనతిదూరమున, ఒకప్పుడు చెరువులును రాగిచేలును తోపులును తప్ప మరేమియు నెఱుగక, నేడు మెట్రో రైలునకు చివరి మజిలీయై, కంటైనర్ల డిపోకును సాఫ్ట్‌వేరు సౌధములకును నడుమ ఒరుసుకొని యున్న కాడుగోడిలో, సాయంకాలమైనంతనే ఆటో ఎలక్ట్రీషియన్ల దుకాణముల ముందు పికప్ బండ్లు వచ్చి నిలుచుట పరిపాటి. ఒకనికి కుడిప్రక్క బల్బు మాడినది. ఒకనికి డిమ్ము వెలుగును గాని బ్రైటు వెలుగదు. వేరొకనికి రెండును వెలుగుచునే యున్నను తృప్తి లేదు. వీరందరు కోరునది మరింత వెలుతురు. ఈ కోరిక ఈనాటిది కాదు. ఈ కోరికకు పగ్గము వేయవలెనను ప్రయత్నమును ఈనాటిది కాదు. బండిదీపపు చరిత్రలో నాకు ముఖ్యముగా తోచునది ఈ రెండవదియే. ఏలయనగా, దీపమును ప్రకాశింపజేయు ఉపాయము దొరకినప్పుడెల్ల, దానిని ఎదుటివాని కన్నుల పడకుండ మరలించు ఉపాయమును వెంటనే వెదకవలసి వచ్చినది.

కాడుగోడి ప్రాచీన గ్రామము. అచ్చటి కాశీవిశ్వేశ్వరాలయమందలి క్రీ.శ. 1043 నాటి తమిళ శాసనము చోళుల యేలుబడిలో పట్టందూరు చెరువు నిర్మాణమును పేర్కొనుచున్నది. ఆ కాలమువారికి రాత్రి ప్రయాణముతో అవసరము తక్కువ. ప్రొద్దు గ్రుంకినచో సత్రములోనో, గుడి మంటపములోనో మేను వాల్చి, వేగుచుక్క పొడిచిన పిదప బయలుదేరుట శతాబ్దుల తరబడి మన బాటసారుల మర్యాద. తప్పనిసరియైన పెద్దలకు పల్లకీలుండెను; పల్లకీలకు ముందు దివిటీలుండెను. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుండి కాశీకి బయలుదేరినదియు బోయీలు మోసిన వాహనముననే. ఆ కాలపు రాత్రి ప్రయాణములలో గుడ్డపేలికల దివిటీ నొకచేతను, చమురుబుడ్డి నొకచేతను బట్టుకొని, బోయీలతో సమానముగ పరుగెత్తు మశాల్చీ యను సేవకుడొకడు విధిగా నుండెడివాడు. ఇప్పటి లారీలలో తెల్లవారుజామున దిగి, దుమ్మును పురుగులును అంటిన హెడ్‌లైటు అద్దమును తడిగుడ్డతో తుడుచు క్లీనరు కుఱ్ఱవానిని చూచినప్పుడెల్ల ఆ మశాల్చీ వంశము అంతరించలేదని నాకు తోచును. మశాల్చీ దీపమున నొక సౌలభ్యము కలదు. ఎదుటినుండి మరియొక పల్లకీ వచ్చినచో, చేయి దించి మంటను ప్రక్కకు త్రిప్పవలెనని వానికి ఏ చట్టమును చెప్పనక్కరలేదు. ఎదుటివాడును మనిషియే, వాని ముఖము కనబడుచునే యుండెను.

పల్లకీల తరువాత దారులను చిరకాలమేలినది ఎద్దులబండి. ఇరుసు క్రిందనో కాడిమ్రాను చివరనో వ్రేలాడు కిరసనాయిలు లాంతరు ఆ బండికి దీపము. ఆ దీపము దారి చూపుటకు కాదు. దారి ఎద్దులకు తెలియును. బండివాడు నిద్రించినను అవి సంత నుండి ఇంటికి చేర్చును. వెనుక వచ్చువాడు బండిని గుర్తింపవలెననియే ఆ లాంతరు. బండిదీపమునకు రెండు ధర్మములున్నవి: చూచుట యొకటి, కనబడుట వేరొకటి. లాంతరు రెండవ ధర్మమును మాత్రము నెరవేర్చెను. 1864లో జోలారుపేట నుండి బెంగుళూరు దండునకు రైలు వచ్చిన పిదపను, 1882లో డి.ఎస్. వైట్ అను ఆంగ్లో-ఇండియను నాయకుని పూనికపై మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు దాదాపు 3,900 ఎకరముల నేల ననుగ్రహింపగా వైట్‌ఫీల్డు అను వలస వెలసిన పిదపను, ఈ ప్రాంతపు రాత్రి రవాణా లాంతరు వెలుగుననే నడచెను. ఆ వలసకు రైలు దిగవలసిన స్టేషను కాడుగోడిలోనే యుండెను; పేరు మాత్రము వైట్‌ఫీల్డుదే.

మోటారుకారు వచ్చిన తరువాత ఈ ధర్మము తలక్రిందులైనది. ఎద్దునకు గల కన్ను ఇంజనునకు లేదు. గంటకు ఇరువది మైళ్ల వేగమున పోవు వాహనమునకు ముందు నేల కనబడవలెను. లాంతరు వలన ఆ పని జరుగదు. తొలినాటి కార్లకు కార్బైడ్ దీపములు వచ్చినవి. వాని అమరిక వింతయైనది. ఇత్తడి డబ్బా క్రింది అరలో కాల్షియం కార్బైడు ముక్కలు, పై అరలో నీరు. మధ్యనున్న చిన్న మర త్రిప్పినచో నీరు బొట్లుబొట్లుగ రాలి, కార్బైడు నుండి అసిటిలీను వాయువు పుట్టి, రబ్బరు గొట్టము ద్వారా దీపమును చేరును. అద్దపు తలుపు తెరచి అగ్గిపుల్ల గీయవలెను. మంట తెల్లగ, తీక్ష్ణముగ నుండును. గాలికి సులభముగ నారదు. కాని వెల్లుల్లిని దలపించు దుర్గంధము, ప్రయాణానంతరము డబ్బా నడుగున మిగులు సున్నపుబురద, బొట్టు ఎక్కువైనపుడు మంట ఎగయుట, బొట్టు తక్కువైనపుడు మంట కుంగుట, ఇవన్నియు దొరగారికి కాక డ్రైవరునకే దక్కిన భోగములు. మన యూళ్ల తిరునాళ్లలో మిఠాయి బండ్లపై చిరకాలము వెలిగిన గ్యాసుదీపములు ఈ జాతివే యగుటచే, మోటారునెఱుగని పల్లెవారికిని ఆ వాసన పరిచితమే.

విద్యుద్దీపమున బెంగుళూరు వెనుకబడలేదు. 1902లో శివనసముద్రమున జనించిన విద్యుత్తు మొదట కోలారు బంగారు గనులకు పోయినను, 1905 ఆగష్టు 5వ తేదీన నగరపు వీధులలో దీపములుగా వెలిగెను. అయినను వీధిలో వెలిగిన దీపము బండిలో వెలుగుటకు మరికొన్ని వత్సరములు పట్టెను; ఏలయన, బండి తన విద్యుత్తును తానే పుట్టించుకొనవలెను. ఇంజనుతో తిరుగు డైనమో, దానివలన నిండు బ్యాటరీ, ఈ రెండును కుదిరిన పిదపనే హెడ్‌లైటు నిజమైన విద్యుద్దీపమైనది. 1912లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీవారు స్టార్టరును దీపములను ఒకే విద్యుద్వ్యవస్థలో నమర్చిన కారును విక్రయించుటతో ఈ మార్పు స్థిరపడెను.

వెలుగు స్థిరపడినదో లేదో, బాధ ఆరంభమాయెను. అసిటిలీను మంటకన్న మిన్నగ, పుటాకారపు అద్దము ముందు నిలిచిన టంగ్‌స్టను తీగ వెలుగు సూటిగ పోయి ఎదుటి డ్రైవరును అంధుని గావించెను. తొలుత కొందరు దీపములనే మీటతో క్రిందికి వంచు ఏర్పాటు చేసిరి. 1924-25 ప్రాంతమున జర్మనీలో ఓస్రాంవారు ఒకే గాజుబుడ్డిలో రెండు తీగలు పెట్టి, అందొకదాని క్రింద రేకుతో చిన్న దొన్నె నమర్చిరి. ఆ దొన్నె క్రిందికి పోవు వెలుగు నాపివేయును. ఆ వెలుగే అద్దపు క్రింది సగమును తాకి పైకెగసి ఎదుటివాని కన్నులలో పడునది కాన, దాని నాపినచో కిరణములు రోడ్డుపైననే వ్రాలును. మన లారీలవారి నోట డిమ్ము, డిప్పరు అని పలుకబడునదంతయు ఈ రేకుదొన్నె మహిమయే. నా లెక్కలో మోటారు దీపపు చరిత్రమంతటిలో ఇంతకు మించిన కల్పన లేదు.

యుద్ధములు దీపమునకు వేరు విధమైన శిక్ష విధించినవి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసిన పిదప, సముద్రతీరపు పట్టణములలో దీపములార్పు నిబంధనలు కఠినమై, మోటారు దీపములకు నల్లని ముసుగులు పడినవి. 1965, 1971 యుద్ధకాలములందు దేశమునందలి యనేక పట్టణములలో హెడ్‌లైటు అద్దముల పైసగమునకు నల్లరంగు పూసిరి. యుద్ధము ముగిసినను రంగు పోలేదు. అది ఎదుటివాని కన్నుల గాపాడు సాధనముగ రూపాంతరము చెందెను. పోలీసువారు కూడళ్లలో నిలిచి, కుంచెతో హెడ్‌లైటు పైభాగమునకు నలుపు పూయుటయో, నడుమ నల్లని బొట్టు పెట్టుటయో మన నగరములలో చిరకాలము సాగినది. ఇది మొరటు వైద్యమే. డిమ్ము బల్బులోని రేకుదొన్నె చక్కగ అమరియున్నచో ఈ బొట్టుతో పని లేదు. అది వంగియున్నచో ఈ బొట్టు చాలదు.

1954లో టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్‌తో పొత్తు కూడి లారీలు చేయనారంభించిరి. 1961లో మద్రాసున లూకాస్-టీవీఎస్ సంస్థ వెలసి మోటారు విద్యుత్పరికరముల తయారీ దేశీయమయ్యెను. ఆ దశకములలో అంబాసిడరు కారుకును, జీపునకును, లారీకిని దీపము గుండ్రనిదే; ఏడంగుళముల డూము. ఒక బండి డూము మరియొక బండికి సరిపడుటచే, బెంగుళూరు జె.సి. రోడ్డు అంగళ్లలో దానికి ఏనాడును కొరత లేదు. డిమ్మునకును బ్రైటునకును మార్చు మీట కాలిక్రింద నుండెను. ఎడమకాలితో నేలపై నొక్కవలెను. లారీ వెనుక పలకపై హారన్ ఓకే ప్లీజ్ ప్రక్కనే యూజ్ డిప్పర్ అట్ నైట్ అని వ్రాయించుట ఆనాటి ఆచారము. ఆ మాటలను వ్రాసిన పెయింటరునకు గాని, వ్రాయించిన యజమానికి గాని ఇంగ్లీషు రాకపోయినను, దాని యర్థము తెలియని డ్రైవరు లేడు.

ఈ కాలముననే కాడుగోడికి తెలుగువారి రాకపోకలు విస్తరించినవి. హోసకోట, కోలారు, చింతామణి, ముళబాగిలు తాలూకాలలో ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము మాట్లాడు కుటుంబములు పూర్వమునుండియు కలవు. 1960వ దశకమున సత్యసాయిబాబా బృందావన ఆశ్రమము ఇచ్చట నెలకొనగా, అనంతపురము, చిత్తూరు, కడప జిల్లాల నుండి భక్తుల బస్సులు రాత్రులందు బయలుదేరి తెల్లవారునప్పటికి చేరసాగినవి. తరువాత కంటైనరు డిపోయు, చేరువనున్న దేవనగొంతి చమురు డిపోలును, వానివెంట డ్రైవర్లును, డ్రైవర్లవెంట పంచరు దుకాణములును వచ్చినవి. నేడు ఆ దుకాణములలో తెలుగు, కన్నడము, తమిళము, దక్కనీ ఉర్దూ ఒకే వాక్యములో కలిసి పోవుచుండును.

పికప్ బండి ఈ కథలోనికి ప్రవేశించినది 1980వ దశకమున. జపాను సంస్థల సహకారముతో చిన్న లారీలు దేశమున వెలువడిన కాలమది. అప్పటి మెదకు జిల్లా జహీరాబాదులోను ఆల్విన్-నిస్సాన్ కర్మాగారము లేచి, అనంతరము మహీంద్రావారి వశమయ్యెను. 1986లో టాటా 407, 1988లో టాటావారి పికప్, తరువాత బొలెరో పికప్, 2005లో చిన్నఏనుగు అని ముద్దుగ పిలువబడిన టాటా ఏస్ వచ్చినవి. వీనితో రాత్రి రవాణా స్వరూపమే మారినది. లారీ నింపుటకు పదిమంది రైతుల సరుకు కావలెను. పికప్ నింపుటకు ఒకడు చాలును. మదనపల్లె టమాటయు, కోలారు కూరగాయలును సాయంకాలము కోసి, క్రేట్లకెత్తి, రాత్రి దారినబడి, తెల్లవారకముందే బెంగుళూరు మార్కెట్టున దిగుచున్నవి. ఈ వర్తకమంతయు హెడ్‌లైటు వెలుగులో జరుగునది. పలమనేరునకును చిత్తూరునకును నడుమ మొగిలి ఘాటు మలుపులలో వాన కురియు రాత్రి బండి నడపినవానికి, మరింత వెలుతురు కావలెనను కోరిక దురాశగ తోచదు.

ఆ కోరికను తీర్చినది హాలోజన్ బల్బు. మామూలు బల్బులో టంగ్‌స్టను తీగ కాలక్రమమున ఆవిరియై గాజుపై నల్లగ పేరుకొనును. అయోడిను, బ్రోమిను వంటి హాలోజను వాయువును కొలదిగ చేర్చినచో, ఆవిరియైన లోహము మరల తీగనే చేరును. అందువలన తీగ నింకను వేడిచేయవచ్చును, వెలుగు తెల్లనగును. 1962లో ఐరోపాలో తొలి హాలోజను హెడ్‌లైటు వచ్చెను; 1971లో రెండు తీగల హెచ్4 బల్బు వచ్చెను. పన్నెండు వోల్టుల పికప్ బండికి దాని కొలత 60/55 వాట్లు. 24 వోల్టుల పెద్ద లారీకి 75/70. పాత రేకుదొన్నె హెచ్4 లోపలను భద్రముగనే యున్నది.

కాడుగోడి దుకాణమున బల్బు మార్చుట చూడదగిన పని. బానెట్టు నెత్తి, డూము వెనుక చేయి దూర్చి, మూడుకాళ్ల హోల్డరును లాగి, నల్లరబ్బరు టోపీని ఊడదీసి, తీగక్లిప్పును నొక్కి ప్రక్కకు మరల్చినచో పాత బల్బు చేతికి వచ్చును. దాని బుడ్డి తెల్లగ పాలిపోయినచో లోపలికి గాలి చొచ్చినదనియు, తీగ తెగి వ్రేలాడినచో ఆయువు తీరినదనియు, హోల్డరు గోధుమరంగున మాడియున్నచో తప్పు బల్బుది కాదనియు మెకానిక్ చెప్పును. క్రొత్తదానిని పెట్టె నుండి తీయునపుడు సహాయపు కుఱ్ఱవానితో, "గ్లాసు ముట్టుకోవద్దురా, అడుగు రేకు పట్టుకో" అనుట నేను వినియున్నాను. "ముట్టుకుంటే ఏమవుతుందన్నా?" అని వాని ప్రశ్న. "నీ చేతి జిడ్డు కాలి అక్కడే పగులుతుంది" అని జవాబు. స్ఫటికపు గాజుపై వ్రేలిజిడ్డు అంటినచోట వేడి కేంద్రీకృతమై బుడ్డి దెబ్బతినుననుట శాస్త్రమును అంగీకరించిన మాటయే. బల్బు అంచునకు గల మూడు నాలుకలలో రెండు సమానములు, ఒకటి వెడల్పు. వెడల్పుది తన గాడిలో సరిగ కూర్చుండనిచో డిమ్ము పైకి లేచును. ఇంత చిన్న నాలుక ఎదుటివాని కన్నులకు కావలి.

అరువది వాట్లతో తృప్తిపడనివారు నూఱు వాట్ల బల్బు నడుగుదురు. 100/90 అనియు 130/100 అనియు పెట్టెపై నుండును. పన్నెండు వోల్టుల వద్ద 60 వాట్లకు అయిదు ఆంపియర్ల ప్రవాహము చాలును. 130కి దాదాపు పదునొకండు కావలెను. కంపెనీ వైరింగును స్విచ్చియు అంత భారమునకు చేసినవి కావు. అందుచే హోల్డరు కరగును, స్విచ్చి ముద్దలు కాలును, ప్లాస్టిక్ రిఫ్లెక్టరుపై వెండిపూత పొంగి మసకబారును. అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ పెద్ద బల్బు నమ్ముటకు ముందు మీటరుతో హోల్డరు వద్ద వోల్టేజిని చూచును. బ్యాటరీ నుండి స్విచ్చి వఱకు, స్విచ్చి నుండి దీపము వఱకు సన్ననితీగలో ప్రాకి వచ్చునప్పటికి వోల్టేజి పదింట నొకవంతు తగ్గినచో, వెలుతురు నూటికి ముప్పదివంతులు తగ్గును. రెండు రిలేలు పెట్టి, లావుతీగతో బ్యాటరీ నుండి నేరుగ విద్యుత్తు నందించి, స్విచ్చికి రిలేను పలికించు పని మాత్రము మిగిల్చినచో, కంపెనీ బల్బే క్రొత్తదానివలె వెలుగును. ఈ పనిలో లాభము తక్కువ, శ్రమ ఎక్కువ. కాన అందరు చెప్పరు.

పికప్ బండికి వేరొక చిక్కు కలదు, కారునకు లేనిది. ఖాళీ బండిని గోడముందు సమతలమున నిలిపి, సుద్దముక్కతో గీత గీచి, డూము మరలు త్రిప్పి ఫోకస్ సరిచేసి పంపుదురు. ఆ రాత్రియే దాని వెనుక టన్నునకు పైబడిన టమాట క్రేట్లు పడును. వెనుక కమానుపట్టలు కుంగి, ఒకవైపు బరువెక్కిన కావడి వలె బండి ముందుభాగము లేచును. గోడపై చక్కగ వ్రాలిన డిమ్ము రోడ్డుపై చెట్లకొమ్మలకు చేరును. డ్రైవరు తాను డిమ్ములోనే యున్నానని ప్రమాణపూర్వకముగ చెప్పును, అది నిజమే, ఎదుటివాని కన్నులు బైర్లుగ్రమ్ముటయు నిజమే. అరువది కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు దాదాపు పదునేడు మీటర్లు పోవును. చెదరిన కన్ను కుదుటపడుటకు కొన్ని సెకనులైన పట్టును. ఆ యెడమున కనబడకుండపోవు దూరము చిన్నది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 106వ నియమము, దీపమునకు ఎనిమిది మీటర్ల ముందు, బండి కుడి అంచునకు అరమీటరు ఆవల, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున నున్న కన్ను చెదరరాదని శాసించుచున్నది. ఆ కొలత ఎదుటినుండి వచ్చు మనిషి కన్ను నుండునట్టి చోటునకే. ఖాళీ బండికి పెట్టిన ఫోకస్ నిండు బండికి చెల్లదని డ్రైవరునకు చెప్పవలసినవాడు మెకానిక్ ఒక్కడే. కొన్ని క్రొత్త బండ్లలో దీపమును పైకి క్రిందికి జరుపు చిన్నచక్రము డ్యాష్‌బోర్డుపై నున్నది. దానిని త్రిప్పు అలవాటున్న డ్రైవర్లు అరుదు.

గడచిన దశాబ్దమున ఎల్‌ఈడీ బల్బులు వచ్చినవి. విద్యుత్తు తక్కువ, వెలుగు తెలుపు, ఆయువు దీర్ఘము; గుణములు నిజమైనవే. కాని హాలోజన్ డూములోని పుటము, కొన్ని మిల్లీమీటర్ల సన్ననితీగ ఒక నిర్ణీతస్థానమున వెలుగునను లెక్కతో చేయబడినది. అచ్చట పలకకు ఇరువైపుల చిప్పులంటించిన ఎల్‌ఈడీ నుంచినచో ఆ లెక్క తప్పి వెలుగు నలుదిక్కుల చిమ్మును. డ్రైవరునకు ముందు తెల్లగ కనబడుటచే లాభమనిపించును. దూరము మాత్రము పెరుగకపోవచ్చును. ఎల్‌ఈడీకే పుట్టిన డూము వేరు, హాలోజన్ డూములో దూర్చిన ఎల్‌ఈడీ వేరు. అంగడిలో రెండింటికి నడుమ భేదము చెప్పువాడు దొరకినచో అదృష్టము.

2019 జనవరిలో సుప్రీంకోర్టు, మోటారు వాహన చట్టపు 52వ సెక్షనును వ్యాఖ్యానించుచు, తయారీదారు నిర్దేశించిన మౌలిక లక్షణములకు విరుద్ధముగ వాహనమును మార్చరాదని తీర్పు చెప్పెను. 2024 జూలైలో కర్ణాటక పోలీసులు కన్నులు చెదరగొట్టు హెడ్‌లైట్లపై ప్రత్యేక తనిఖీలకు పూనుకొనిరి. కాడుగోడి దుకాణములలో నాటినుండి బేరము కొంత మారినది. ఎల్‌ఈడీ బల్బు నడుగువానితో, పట్టుబడినచో పూచీ తనది కాదని అంగడివాడు ముందుగనే చెప్పి, కంపెనీ కొలత హాలోజనును, రిలే వైరింగును చూపుచున్నాడు. గిరాకీదారు రెండింటి ధరలు విని, బండిలో సరుకు దించవలసిన వేళ దాటిపోవుచున్నదని గడియారము చూచి, ప్రస్తుతమునకు మాడిన బల్బు ఒక్కటి మార్చుమని చెప్పుట తఱచు.